ఉద్యోగం చేస్తూ నడివయసులో ఇంజనీరింగ్ డిగ్రీ: నిర్ణయం నుంచి పట్టా వరకు

నడివయసులో, పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ ఇంజనీరింగ్ డిగ్రీ చదవాలనుకునేవారు తమకు తాము మొట్టమొదట వేసుకునే ప్రశ్న ‘ఈ వయసులో నాకు చదువు ఎక్కుతుందా?’ అన్నదే. ఆ ప్రశ్న సహజమే గాని, నిర్ణయాన్ని దాని మీద నిలబెట్టకూడదని నా అభిప్రాయం. ఇలాంటి చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, చేరకముందు వేసుకోవలసిన లెక్క వేసుకోకపోవడమే చాలాసార్లు కారణంగా కనిపిస్తుంది. వారానికి నిజంగా ఎన్ని గంటలు మిగులుతాయి, మరిచిపోయిన గణితం ఎంత, ఏ సబ్జెక్టు పూర్తయితే గాని ఏది మొదలుపెట్టనివ్వరు, చివరికి చేతికొచ్చే పట్టాను ఎవరు గుర్తిస్తారు అన్న నాలుగు విషయాలు దరఖాస్తు నింపే ముందే తేలాలి. ఇవి తేలిన తరువాత వయసు గురించిన భయం దానంతటదే చాలావరకు తగ్గిపోతుంది.

మొదటి మెట్టు: పట్టా దేనికోసమో కాగితం మీద రాయండి

‘ఇంజనీరు కావాలి’ అన్న ఒకే కోరిక వెనుక వేరువేరు అవసరాలు దాగి ఉంటాయి. కొందరికి పదోన్నతి నియమాల్లో డిగ్రీ తప్పనిసరి అయి ఉంటుంది. కొందరికి డ్రాయింగుల మీద సొంత బాధ్యతతో సంతకం చేసే లైసెన్సు కావాలి. మరికొందరు రంగమే మార్చుకోవాలనుకుంటారు. ఏళ్ల తరబడి యంత్రాల మధ్య పనిచేసి, వాటి వెనుక ఉన్న శాస్త్రాన్ని మూలం నుంచి తెలుసుకోవాలన్న తపనతో వచ్చేవారూ ఉన్నారు. ఈ అవసరాలన్నింటికీ ఒకే పట్టా సరిపోదు. అందువల్ల మీరు ఏ నియమం కోసం చదువుతున్నారో ఆ నియమంలోని మాటలను, ఉద్యోగ ప్రకటన కావచ్చు, లైసెన్సు మండలి నిబంధన కావచ్చు, ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. ‘ఇంజనీరింగ్‌లో డిగ్రీ’ అని ఉందా, ‘గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ డిగ్రీ’ అని ఉందా, ‘తత్సమాన అర్హత’ అన్న మాట ఉందా అన్న తేడా మీదే తరువాతి ఆరేడేళ్ల శ్రమ ఆధారపడుతుంది.

డిగ్రీ లేకుండానే ఆ అవసరం తీరే మార్గం ఉందేమో కూడా ఈ దశలోనే చూడాలి. ఉదాహరణకు బ్రిటన్‌లో ఇంజనీరింగ్ కౌన్సిల్ నిర్వహించే వృత్తి నమోదులో ఇంజనీరింగ్ టెక్నీషియన్, ఇన్‌కార్పొరేటెడ్ ఇంజనీర్, చార్టర్డ్ ఇంజనీర్ అనే అంతస్తులు ఉన్నాయి; నిర్దేశించిన డిగ్రీ లేనివారు తమ అనుభవాన్ని, వృత్తి జ్ఞానాన్ని నిరూపించి వ్యక్తిగత మదింపు ద్వారా నమోదు పొందే వీలు కూడా ఉంది. ఇప్పటికే భౌతికశాస్త్రంలోనో గణితంలోనో డిగ్రీ ఉన్నవారు మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టే బదులు, కొన్ని వారధి సబ్జెక్టులు చదివి నేరుగా ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో చేరగలరేమో విచారించాలి. అయితే కొన్ని చోట్ల లైసెన్సు మండళ్లు మొదటి డిగ్రీనే ప్రధానంగా పరిశీలిస్తాయి కాబట్టి, ఈ దారి పట్టేముందు ఆ మండలినే నేరుగా అడగడం మంచిది.

శాఖ ఎంపికలో నా సలహా సూటిగా ఉంటుంది: మీ ప్రస్తుత పనికి దగ్గరగా ఉన్న శాఖను ఎంచుకోండి. రంగం మార్చుకోవడమే లక్ష్యమైతే తప్ప, ఇరవై ఏళ్లుగా విద్యుత్ పనిలో ఉన్న వ్యక్తి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరితే, చేతిలో ఉన్న పెద్ద ఆస్తిని పక్కన పెట్టి నడవడమే అవుతుంది.

రెండవ మెట్టు: గుర్తింపును మీరే తనిఖీ చేయండి

ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఏర్పాట్లలో ముఖ్యమైనది వాషింగ్టన్ ఒప్పందం. 1989లో ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికా దేశాల వృత్తి సంస్థలు దీన్ని కుదుర్చుకున్నాయి. భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. ఇంజనీరింగ్ టెక్నాలజీ చదువులకు 2001లో సిడ్నీ ఒప్పందం, టెక్నీషియన్ చదువులకు 2002లో డబ్లిన్ ఒప్పందం విడిగా వచ్చాయి. ‘ఇంజనీరింగ్’ అన్న పేరుతో ఉన్న డిగ్రీకీ, ‘ఇంజనీరింగ్ టెక్నాలజీ’ అన్న పేరుతో ఉన్న డిగ్రీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. అమెరికాలో గుర్తింపునిచ్చే అబెట్ సంస్థలో ఈ రెండింటినీ పరిశీలించే కమిషన్లు కూడా వేరువేరు. టెక్నాలజీ డిగ్రీలో ప్రయోగ స్వభావం ఎక్కువగా, ఉన్నత గణితం తక్కువగా ఉంటుంది. ఉద్యోగం చేసేవారికి అది చక్కగా సరిపోవచ్చు. కానీ లైసెన్సే లక్ష్యమైనప్పుడు, ఆ డిగ్రీతో కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఎక్కువ సంవత్సరాల అనుభవం చూపవలసి రావచ్చు, కొన్ని చోట్ల దారే ఉండకపోవచ్చు. ఈ విషయం చివరి సంవత్సరంలో తెలుసుకోవడం చాలా బాధాకరం.

ఇంజనీరింగ్‌లో వృత్తిపరమైన గుర్తింపు విశ్వవిద్యాలయం మొత్తానికి గాక ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా వస్తుందని గుర్తుంచుకోవాలి. ఒకే విశ్వవిద్యాలయంలో మెకానికల్‌కు గుర్తింపు ఉండి, కొత్తగా పెట్టిన మెకట్రానిక్స్‌కు లేకపోవచ్చు. పగటి తరగతుల కోర్సుకు ఉన్న గుర్తింపు సాయంకాలపు కోర్సుకో ఆన్‌లైన్ కోర్సుకో వర్తించకపోవచ్చు. అందువల్ల కరపత్రంలో ముద్రించిన మాట చాలదు. గుర్తింపునిచ్చే సంస్థ తానే ప్రచురించే జాబితాలో కోర్సు పేరు, బోధనా విధానం, గుర్తింపు ఉన్న సంవత్సరాలు చూడాలి. ఈ చివరి అంశం నాలుగేళ్లలో చదువు ముగించే కుర్రవారి కంటే మీకు చాలా ముఖ్యం. అబెట్ గుర్తింపు పొందిన కోర్సును కూడా గరిష్ఠంగా ఆరేళ్లకొకసారి పూర్తిగా పునఃపరిశీలిస్తారు. మీ చదువు ఏడెనిమిదేళ్లు సాగితే మీరు చేరినప్పుడు ఉన్న గుర్తింపు మధ్యలోనే గడువు తీరుతుంది కాబట్టి, అది పునరుద్ధరించబడిందో లేదో ప్రతి సంవత్సరం చూసుకోవాలి.

బోధనా విధానాన్ని తేలికగా తీసుకోకూడదనడానికి ఒక ఉదాహరణ ఉంది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల విషయంలో భారత సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెబుతూ, 2005 వరకు చేరినవారు తమ డిగ్రీ నిలబెట్టుకోవాలంటే మళ్లీ పరీక్ష రాయవలసి ఉంటుందని, ఆ తరువాత చేరినవారి డిగ్రీలు చెల్లవని ప్రకటించింది. ఆ విద్యార్థుల్లో చాలామంది అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారు. వారు నిజంగా చదివారు, ఫీజులు కట్టారు, పరీక్షలు రాశారు. అయినా పట్టా నిలవలేదు.

మూడవ మెట్టు: గంటల లెక్క

ఒక డిగ్రీకి ఎన్ని గంటల శ్రమ అవసరమో విశ్వవిద్యాలయాలే తమ క్రెడిట్ల రూపంలో చెబుతున్నాయి; మనం దాన్ని చదవడం నేర్చుకోవాలి. ఐరోపా క్రెడిట్ విధానంలో పూర్తికాలపు ఒక సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే 10 గంటలు, ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు, అంటే 3600 గంటలు. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్‌కు సెమిస్టరంతా వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు అని లెక్క. 15 వారాల సెమిస్టర్‌కు అది 45 గంటలవుతుంది. ఇంజనీరింగ్ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు ఉంటాయనుకున్నా మొత్తం 5400 గంటలు.

ఇప్పుడు మీ వైపు నుంచి చూద్దాం. పండుగలు, అనారోగ్యాలు, ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైన వారాలు తీసేసి ఏడాదికి 45 వారాలు చదవగలరనుకుందాం. వారానికి 10 గంటలైతే 450 గంటలు. 5400 గంటలకు పన్నెండేళ్లు పడుతుంది. వారానికి 15 గంటలైతే ఎనిమిదేళ్లు. 20 గంటలైతే ఆరేళ్లు. పాత చదువుకు 30 క్రెడిట్లు మినహాయింపు దొరికితే 1350 గంటలు తగ్గి, 15 గంటల వారంతో ఆరేళ్లలో, 20 గంటల వారంతో నాలుగున్నరేళ్లలో పూర్తవుతుంది. ఉద్యోగం చేసేవారిని దృష్టిలో పెట్టుకుని 1971లో బోధన మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో కూడా సగం వేగంతో, అంటే ఏడాదికి 60 క్రెడిట్ల చొప్పున చదివితే డిగ్రీకి ఆరేళ్లు పడుతుంది. అందువల్ల ‘ఉద్యోగం చేస్తూనే మూడేళ్లలో ఇంజనీరింగ్’ అనే ప్రకటన కనిపిస్తే, మిగిలిన గంటలు ఎక్కడికి పోయాయో ముందు అడగండి.

వారానికి 15 గంటలు అనడం తేలిక, చేతికి రావడం కష్టం. చేరడానికి కొన్ని నెలల ముందు రెండు వారాల పాటు రోజూ అరగంట చొప్పున సమయాన్ని రాసిపెట్టండి: ప్రయాణం, ఇంటి పని, ఫోను, నిద్ర, అన్నీ. ఆ కాగితంలో ఖాళీ గంటలు కనిపించకపోతే అవి సెమిస్టర్ మొదలయ్యాక కొత్తగా పుట్టవు. ఏదో ఒకదాన్ని వదులుకోవాలి, దేన్ని వదులుకుంటున్నారో ఇప్పుడే తేల్చుకోవాలి. నిద్రను మాత్రం ఆ జాబితాలో చేర్చకండి. నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడే పని నిద్రలోనే చాలావరకు జరుగుతుంది. నిద్ర మానుకుని సంపాదించిన గంట మరుసటి రోజు రెండు గంటల్ని తినేస్తుంది.

నాలుగవ మెట్టు: చేరకముందే గణితం

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవమంటాను. ఇంజనీరింగ్ చదువంతా కలన గణితం మీద నిలబడి ఉంటుంది. అబెట్ ప్రమాణాలు గణితం, మౌలిక విజ్ఞాన శాస్త్రాలకు కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ విషయాలకు కనీసం 45 క్రెడిట్లు కోరుతున్నాయి. ఆ 45లో అత్యధిక భాగం ఆ 30ని వాడుకునేదే.

అయితే పాఠశాల వదిలి చాలాకాలమైన విద్యార్థి కలన గణితంలో తడబడినప్పుడు, అసలు తప్పు తరచుగా బీజగణితంలో ఉంటుంది. ఒక భిన్న ప్రమేయాన్ని సమాకలనం చేయవలసి వచ్చిందనుకోండి. దాన్ని పాక్షిక భిన్నాలుగా విడగొట్టడానికి పది పంక్తుల బీజగణితం పడుతుంది. ఆ తరువాత కలన గణితం పని ఒక్క పంక్తిలో అయిపోతుంది. ఆ పది పంక్తుల్లో గుర్తు మారితే, విద్యార్థి మాత్రం ‘నాకు కలనం అర్థం కావడం లేదు’ అనుకుని దిగులుపడతాడు. కాబట్టి తిరగదోడవలసింది కింది నుంచే: భిన్నాలు, ఘాతాంకాలు, సంవర్గమానాలు, సూత్రాన్ని కావలసిన చలరాశి కోసం తిప్పి రాయడం, వర్గ సమీకరణాలు, ఏకకాల సమీకరణాలు, ప్రమేయాలు, వాటి రేఖాచిత్రాలు, రేడియన్లు, త్రికోణమితి సర్వసమీకరణాలు, సదిశలు. విద్యుత్ శాఖలో చేరేవారికి సంకీర్ణ సంఖ్యలు తప్పనిసరి; ఏకాంతర విద్యుత్ సర్క్యూట్ల విశ్లేషణంతా వాటితోనే సాగుతుంది.

పాఠశాల గణితం మరిచిపోయిన వ్యక్తికి ఈ పునశ్చరణకు నా అంచనాలో 150 నుంచి 250 గంటలు పడుతుంది. వారానికి 10 గంటల చొప్పున ఇది నాలుగు నుంచి ఆరు నెలల పని. దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో పాఠశాల స్థాయి నుంచి మొదలయ్యే అభ్యాసాలు ఉన్నాయి, అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం తన పాఠాలను ఉచితంగా అందుబాటులో పెడతానని 2001లోనే ప్రకటించి, ఆ మాట నిలబెట్టుకుంది. ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీల ఆచార్యుల ఇంజనీరింగ్ పాఠాలు దాదాపు ప్రతి శాఖలోనూ దొరుకుతాయి. వీడియో చూడడాన్ని మాత్రం చదువు కింద లెక్కపెట్టకండి. చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. కాగితం తీసుకుని సొంతంగా లెక్క చేసినప్పుడే ఎక్కడ తెలియదో బయటపడుతుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గాని, వారం తరువాత చూస్తే, చదివాక తమను తాము పరీక్షించుకున్నవారికే ఎక్కువ గుర్తుంది. డిగ్రీ పరీక్షలు అయిదు నిమిషాల తరువాత జరగవు కాబట్టి ఈ ఫలితం మనకు పనికివస్తుంది.

ఈ పునశ్చరణను మీరు చదువుకోసం కేటాయించబోయే అవే గంటల్లో, అదే బల్ల దగ్గర చేయండి. అప్పుడు అది గణితానికి సన్నాహంగానే గాక గంటల లెక్కకు పరీక్షగా కూడా పనికివస్తుంది. నాలుగు నెలల్లో అనుకున్న గంటల్లో ఎక్కువ భాగం నిలబెట్టుకోగలిగితే నిశ్చింతగా చేరవచ్చు. సగం కూడా నిలవకపోతే, ఫీజు కట్టకముందే ఏది మార్చాలో తెలిసింది.

వయసు గురించిన ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం ఉంది. యవ్వనం దాటిన తరువాత కొత్త సమాచారాన్ని చకచకా మలచుకునే వేగం క్రమంగా తగ్గుతుంది; పోగుచేసుకున్న జ్ఞానం, దాన్ని వాడే నేర్పు మాత్రం చాలాకాలం నిలుస్తాయి, పెరుగుతాయి కూడా. అందువల్ల పరీక్ష ముందురోజు రాత్రంతా చదివి నెట్టుకురావడం మీకు కలిసిరాదు. రోజూ కొంత చొప్పున, కొన్ని రోజుల విరామంతో మళ్లీ మళ్లీ తిరగేసే పద్ధతి బాగా కలిసివస్తుంది. జ్ఞాపకం మీద జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల నాటి నుంచి విరామంతో కూడిన అభ్యాసం మేలన్న సంగతి స్థిరపడుతూనే ఉంది.

అయిదవ మెట్టు: సబ్జెక్టుల గొలుసును గీయండి

గంటలు ఎన్ని ఉన్నా, కొన్ని సబ్జెక్టులను ఒకదాని తరువాత ఒకటిగానే చదవాలి. మెకానికల్‌లో చూడండి: మొదటి కలన గణితం తరువాత భౌతికశాస్త్రంలోని యాంత్రికశాస్త్రం, దాని తరువాత స్టాటిక్స్, తరువాత స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, తరువాత మెషిన్ డిజైన్, ఆపైన తుది ప్రాజెక్టు. విద్యుత్ శాఖలో కలనం, సర్క్యూట్లు, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఆ తరువాతే కంట్రోల్ సిస్టమ్స్, కమ్యూనికేషన్స్. ప్రాజెక్టుకు రెండు సెమిస్టర్లు పట్టే చోట ఆ మెకానికల్ గొలుసు ఏడు సెమిస్టర్లకు తగ్గదు. ఎంత తొందరపడినా డిగ్రీ అంతకంటే ముందు పూర్తికాదు.

సిలబస్ పత్రం ముందు పెట్టుకుని, ఏ సబ్జెక్టుకు ఏది ముందు పూర్తిచేయాలో బాణాలతో ఒక పెద్ద కాగితం మీద గీయండి. అన్నింటికంటే పొడవైన గొలుసును ఎర్రటి ఇంకుతో గుర్తించండి. ఆ తరువాత విశ్వవిద్యాలయాన్ని అడగండి: ఆ ఎర్ర గొలుసులోని ప్రతి సబ్జెక్టు సాయంత్రం తరగతుల్లోనో ఆన్‌లైన్‌లోనో ఏ సెమిస్టర్లలో నడుస్తుంది? ఏడాదికి ఒక్కసారే నడిచే సబ్జెక్టు తప్పిపోతే పోయేది ఒక పూర్తి సంవత్సరం. అందుకే ఎర్ర గొలుసులోని ఒక సబ్జెక్టు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉండాలి, దాని పక్కన తేలికైనది ఒకటి ఉంచాలి. చాలామంది ధైర్యం కోసం తేలికైన సబ్జెక్టులన్నీ ముందే పూర్తిచేసుకుంటారు. అది మొదట ఉత్సాహాన్నిస్తుంది గాని, చివరికి కఠినమైనవి మాత్రమే మిగిలి, ఒకే సెమిస్టర్‌లో రెండు మూడు కలిపి మోయవలసిన పరిస్థితి తెస్తుంది. మొదటి సెమిస్టర్‌లో మాత్రం, గణితం ఎంత బాగా వచ్చినా, ఒకే సబ్జెక్టు తీసుకోమని గట్టిగా చెబుతాను.

డిగ్రీ పూర్తిచేయడానికి గరిష్ఠ గడువు ఎన్నేళ్లు, మధ్యలో సిలబస్ మారితే మీకు పాతదే వర్తిస్తుందా అన్న రెండు ప్రశ్నలకు సమాధానం లిఖితపూర్వకంగా తీసుకోండి.

ఆరవ మెట్టు: పాత చదువుకు, అనుభవానికి మినహాయింపు

డిప్లొమా, సగంలో వదిలేసిన డిగ్రీ, వృత్తి శిక్షణ, ఇవన్నీ క్రెడిట్లుగా మారే అవకాశం ఉంది. దీనికి మార్కుల పత్రం ఒక్కటే చాలదు. ఆ సంవత్సరంలో అమల్లో ఉన్న సిలబస్, తరగతి గంటల వివరాలు అడుగుతారు. పాత విద్యాసంస్థ నుంచి అవి రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, అన్నింటికంటే ముందు మొదలుపెట్టవలసిన పని ఇదే. కొన్ని విశ్వవిద్యాలయాలు కొన్నేళ్లు దాటిన విజ్ఞాన శాస్త్ర క్రెడిట్లను తీసుకోవు. ఎన్ని తీసుకున్నా, కొంత భాగం తమ దగ్గరే చదవాలని షరతు పెట్టేవే ఎక్కువ. కొన్ని చోట్ల ఉద్యోగంలో సంపాదించిన నైపుణ్యాన్ని కూడా ఆధారాలతో కూడిన నివేదిక ద్వారా మదింపు చేసి క్రెడిట్లు ఇస్తారు.

ఇంజనీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్, కమ్యూనికేషన్, ఆర్థికశాస్త్రం వంటివాటికి మినహాయింపు దొరికితే సంతోషంగా తీసుకోండి. పదేళ్ల కిందటి కలన గణితానికి మినహాయింపు ఇస్తామన్నా ఒక్కసారి ఆలోచించండి. కాగితం మీద మిగిలిన ఆ సెమిస్టర్, ద్రవగతిక శాస్త్రంలోనో ఉష్ణ ప్రసారంలోనో అవకలన సమీకరణాలు ఎదురైనప్పుడు రెట్టింపు సమయం అడుగుతుంది.

ఏడవ మెట్టు: ఆఫీసు, ఇల్లు, ల్యాబు

యజమాని ఫీజు భరిస్తానంటే ఆ ఒప్పందాన్ని చివరి పంక్తి దాకా చదవండి. ఎన్ని మార్కులు వస్తే డబ్బు తిరిగి ఇస్తారు, ఉద్యోగం మానేస్తే ఎంతకాలం వరకు తిరిగి కట్టాలి, తొలగించినా కట్టాలా అన్నవి స్పష్టంగా ఉండాలి. పరీక్షల సెలవు, షిఫ్టు మార్పు గురించి పై అధికారి నోటిమాటగా ఇచ్చిన హామీ ఆ అధికారి బదిలీ అయిన రోజున పోతుంది. దాన్ని లిఖిత రూపంలో ఉంచుకోండి. ఇంట్లోవారితో మాట్లాడేటప్పుడు ‘కాస్త సహకరించండి’ అనడం చాలదు. ఏయే రోజుల్లో ఏయే గంటలు మీరు అందుబాటులో ఉండరో, ఆ గంటల్లో మీ పనులు ఎవరు చేస్తారో, ఇదంతా ఎన్నేళ్లు సాగుతుందో వారి ముందు ఉంచి, వారు ఒప్పుకున్న తరువాతే చేరండి. వారి సమయం కూడా ఈ డిగ్రీకి ఖర్చవుతుంది.

ఆన్‌లైన్ కోర్సు ఎంచుకునేవారు ల్యాబుల సంగతి ముందే అడగాలి. పాఠాలన్నీ ఇంటి నుంచే చదవగలిగినా, చాలా కోర్సుల్లో ల్యాబులకు స్వయంగా వెళ్లాలి. అమెరికాలోని నార్త్ డకోటా విశ్వవిద్యాలయం దూరం నుంచి ఇంజనీరింగ్ చదివే విద్యార్థులను వేసవిలో ల్యాబుల కోసం తన ప్రాంగణానికి రప్పించే పద్ధతి పాటిస్తూ వచ్చింది. ఇలాంటి కోర్సులో చేరితే మీ వార్షిక సెలవులు ఏటా అందుకే పోతాయి. ప్రయాణం, బస ఖర్చులు ఫీజు పట్టికలో కనబడవు.

ఎనిమిదవ మెట్టు: సెమిస్టర్ నడిపించడం

వారంలో అయిదు రోజులు గంటన్నర చొప్పున, సెలవు రోజుల్లో నాలుగేసి గంటల చొప్పున చదివితే పదిహేను గంటలు దాటుతాయి. కొత్త పాఠం, కఠినమైన లెక్కలు మెదడు తాజాగా ఉన్న వేళకు ఉంచండి. ల్యాబ్ నివేదిక రాయడం, నోట్సు సర్దుకోవడం వంటివి అలసిన సాయంత్రాలకు వదలండి. అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే ఇరవై నిమిషాలు కేటాయించి ప్రశ్నలన్నీ చదవండి. ఏ లెక్క రాదో ఆ రోజే తెలిస్తే, గడువు లోపల ఆచార్యుణ్ని అడగడానికి వారం మిగులుతుంది.

అనుభవం ఉన్నవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పనిలో మీకు జవాబు ముందే తెలుసు. మోటారును స్టార్ కనెక్షన్‌లో మొదలుపెట్టి డెల్టాకు (ఇవి త్రీ-ఫేజ్ మోటారు చుట్లను కలిపే రెండు పద్ధతులు) మారిస్తే ప్రారంభ కరెంటు తగ్గుతుందని ఎలక్ట్రీషియన్‌గా మీరు వందసార్లు చూసి ఉంటారు. పరీక్షలో అడిగేది వేరు: స్టార్‌లో లైన్ కరెంటు డెల్టాతో పోలిస్తే సరిగ్గా మూడో వంతు ఎందుకవుతుంది, దానితోపాటు ప్రారంభ టార్క్ (తిప్పే బలం) కూడా మూడో వంతుకు ఎందుకు పడిపోతుంది? అలాగే, అధిక భారం మోసే బాల్ బేరింగ్ త్వరగా పోతుందని మెయింటెనెన్స్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు; భారం రెట్టింపైతే లెక్క ప్రకారం ఆయుష్షు ఎనిమిదో వంతు అవుతుందని, ఎందుకంటే అది భారం ఘనానికి విలోమంగా మారుతుందని పాఠం చెబుతుంది. అనుభవజ్ఞులు జవాబు దగ్గరికి ఒక్క గంతులో వెళ్లి, మధ్య మెట్లు రాయక మార్కులు పోగొట్టుకుంటారు. బొమ్మ గీయండి, బలాలన్నీ గుర్తించండి, ఊహనలు రాయండి, ప్రమాణాలు ప్రతి పంక్తిలో తనిఖీ చేయండి, ఆ తరువాతే చివరి సంఖ్యను మీ అనుభవంతో సరిపోల్చండి. వచ్చిన సంఖ్య వాస్తవానికి దూరంగా ఉందని ఒక్క చూపులో పసిగట్టడం కొత్తగా చదివే కుర్రవారికి సాధ్యం కాదు, మీకు సాధ్యం. ఈ శక్తిని మెట్లు ఎగ్గొట్టడానికి గాక మెట్లు సరిచూసుకోవడానికి వాడుకోండి.

తోటి విద్యార్థులు మీ పిల్లల వయసువారు కావచ్చు. వారితో కలిసి చదవడానికి మొహమాటపడకండి. సాఫ్ట్‌వేర్‌లో, ఇటీవలే చదివిన గణితంలో వారు మీకు నేర్పగలరు. బల్ల మీద గీసిన డిజైన్‌ను నిజంగా తయారుచేయడం ఎందుకు కష్టమో మీరు వారికి చెప్పగలరు. బృంద ప్రాజెక్టులో పెద్దరికం మీద వేసుకుని అన్నీ మీరే చేయకండి. దానివల్ల మీ గంటలూ పోతాయి, వారి అవకాశమూ పోతుంది.

వెనకబడినప్పుడు ఆలస్యం చేయవద్దు. సబ్జెక్టు నుంచి జరిమానా లేకుండా తప్పుకునే ఆఖరి తేదీని సెమిస్టర్ మొదటి రోజే క్యాలెండర్‌లో రాయండి. ఆ తేదీకి వారం ముందు, రెండు సబ్జెక్టుల్లోనూ తడబడుతుంటే ఒకదాన్ని వదిలి రెండోదాన్ని నిలబెట్టండి. వదిలేది ఎర్ర గొలుసుకు బయటిదై ఉండాలి. ఇంట్లో అనారోగ్యమో ఉద్యోగంలో మార్పో వస్తే చెప్పకుండా మానేసే బదులు అధికారికంగా విరామం తీసుకోండి, తిరిగి చేరే హక్కు మిగులుతుంది. ఆ విరామంలో కూడా వారానికి రెండు గంటలు గణితాన్ని తాకుతూ ఉండండి.

తొమ్మిదవ మెట్టు: తుది ప్రాజెక్టు, ఆ తరువాత

ప్రాజెక్టుకు మీ పనిస్థలంలోని నిజమైన సమస్యను తీసుకోగలగడం ఉద్యోగి విద్యార్థికి దక్కే గొప్ప సౌలభ్యం. కంపెనీ డ్రాయింగులు, కొలతలు, విఫలత వివరాలు వాడుకోవడానికి ముందుగా లిఖిత అనుమతి తీసుకోండి. తయారైన దాని మీద హక్కు కంపెనీదా, విశ్వవిద్యాలయానిదా, మీదా అన్నది కూడా పని మొదలుకాకముందే తేలాలి. అనుమతి వస్తుందన్న నమ్మకం లేకపోతే మరో అంశం సిద్ధంగా ఉంచుకోండి.

లైసెన్సు లక్ష్యమైనవారు దాని మొదటి పరీక్షను చివరి సంవత్సరంలోనే, లేదా పట్టా వచ్చిన వెంటనే రాయాలి. అమెరికాలో ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్ పరీక్షకు విరామంతో కలిపి ఆరు గంటల సమయం, 110 ప్రశ్నలు. గణితం నుంచి వృత్తి నీతి దాకా డిగ్రీలోని విషయాలన్నీ అందులో వస్తాయి. ఎనిమిదేళ్లు చదివినవారికి మొదటి రెండేళ్ల సబ్జెక్టులు అప్పటికి పాతబడి ఉంటాయి కాబట్టి, ప్రతి సబ్జెక్టు ముగిసినప్పుడు ముఖ్య సూత్రాలను, కష్టపడి చేసిన లెక్కలను రెండు మూడు పుటల్లో రాసి దాచుకుంటే ఈ పరీక్షకు అవే పనికివస్తాయి. అక్కడ సాధారణంగా మరో నాలుగేళ్ల వృత్తి అనుభవం తరువాతే పూర్తి లైసెన్సు వస్తుంది. డిగ్రీకి ముందు చేసిన పని అందులో ఎంత లెక్కకు వస్తుందో మండలిని బట్టి మారుతుంది. అందుకని ఇప్పటి నుంచే, చేసిన పని వివరాలు, అందులో మీ బాధ్యత, తేదీలు రాసి, పర్యవేక్షించిన ఇంజనీరుతో ఎప్పటికప్పుడు సంతకం చేయించుకోండి. పట్టా చేతికి వచ్చేనాటికి ఆయన పదవీ విరమణ చేసి ఉండవచ్చు, ఆ కంపెనీయే మూతబడి ఉండవచ్చు.